"ఆయనకి చెప్పారా?": సరిహద్దు జిల్లాల పేషెంట్లకు ఎవరూ చెప్పని మాట

క్లుప్తంగా: ప్రాణం మీదికొచ్చిన జబ్బు గురించి పేషెంటుతోనే నేరుగా మాట్లాడటం మన ఆస్పత్రుల్లో అరుదు. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. వాళ్ల వైద్యం రెండు రాష్ట్రాల్లో, రెండు మూడు భాషల్లో నడుస్తుంది, ఆ మాట వెనకటి ఆస్పత్రిలో అయిపోయి ఉంటుందని ఒకరు, ముందరి ఆస్పత్రిలో చెబుతారులే అని ఇంకొకరు అనుకుంటారు. డాక్టర్లకు మనసు లేక వచ్చిన సమస్య కాదిది. ఈ మాట ఎవరి పని అన్నది ఎక్కడా రాసి లేకపోవడం వల్ల వచ్చింది.

చీరల కొట్టు సంచి

కాశీనగర్ దగ్గర ఒక ఊరు అనుకుందాం. 60 దాటిన రైతు, ఊపిరితిత్తుల కేన్సర్. దగ్గు పట్టుకున్నప్పుడు పర్లాకిమిడిలో చూపించారు, తగ్గకపోతే ఎక్స్‌రే తీసి బరంపురం పెద్దాసుపత్రికి రాశారు, అక్కడ స్కాన్ అయ్యాక గాజువాకలో ఉండే అల్లుడు "ఇక్కడికి తెచ్చేయండి, మేం చూసుకుంటాం" అనడంతో గుణుపూర్ పాసింజర్ ఎక్కి విశాఖ చేరారు. కుటుంబం కల్పితమే గానీ ఈ దారి మాత్రం ఆ వైపు వాళ్లందరికీ తెలిసిన దారే. రాయగడ వాళ్లు పార్వతీపురం, విజయనగరం మీదుగా వస్తారు. కొరాపుట్, జయపురం వాళ్లు అరకు మీదుగా దిగుతారు.

వాళ్ల చేతిలో ఒక చీరల కొట్టు సంచి ఉంటుంది. అందులో స్కాన్ ఫిల్ములు, రబ్బరు బ్యాండు వేసి చుట్టిన ఎక్స్‌రేలు, ఒడియా స్టాంపు పడిన ఓపీ చీటీలు, ఇంగ్లీషులో డిశ్చార్జి సమ్మరీ, ఆధార్ జిరాక్సులు, ఏదో ఒక చీటీ వెనక అల్లుడు తెలుగులో రాసుకున్న "పొద్దున 1, రాత్రి 1". కొత్త డాక్టరు సంచంతా టేబుల్ మీద పరిచించుకుని చూస్తారు. కణితి ఎంత ఉంది, ఎక్కడికి పాకింది, ఏ మందు ఎన్నిసార్లు ఎక్కింది, అన్నీ దొరుకుతాయి. ఈ పెద్దాయనకి తన జబ్బు గురించి ఏం తెలుసు, ఎవరు చెప్పారు, ఎంతవరకు చెప్పారు, విని ఆయన ఏమన్నాడు అన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

మొదటి చోట డాక్టరు లెక్క: రిపోర్టు ఇంకా తేలలేదు, పెద్దాసుపత్రిలో చెబుతారు. రెండో చోట: ట్రీట్‌మెంట్ ఇక్కడ కాదు కదా, చేసేవాళ్లు చెబుతారు. మూడో చోట: ఇంత దూరం వచ్చారంటే తెలిసే వచ్చుంటారు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ తప్పనిపించదు. చివరికి మూడు ఆస్పత్రులు తిరిగినా పెద్దాయనకి సంగతి తెలియదు.

టైము మాటకొస్తే, డాక్టరు ముందు పేషెంటు తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే అడ్డు తగులుతున్నారని 1984లో అమెరికాలో ఒక పరిశీలన తేల్చింది. అక్కడే అలా ఉంటే, బయట బెంచీల మీద వంద మంది కూర్చున్న ఓపీలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా ఆరోగ్య కార్డుల ప్యాకేజీల్లో కీమోకి, డయాలసిస్‌కి, ఆపరేషన్‌కి రేటు రాసి ఉంటుంది గానీ కూర్చుని మాట్లాడిన అరగంటకి రాసి ఉండదు. బిల్లు కాని పని రోజూ రేపటికి వాయిదా పడుతుంది.

"మావయ్యకి మాత్రం చెప్పకండి సార్"

డాక్టరు గదిలోకి ముందు అల్లుడు వస్తాడు, ఒక్కడే. "మావయ్యకి మాత్రం చెప్పకండి సార్, గడ్డ అని చెప్పాం, కరెంటు (రేడియేషన్) పెడితే కరిగిపోద్దని చెప్పాం. తెలిస్తే తిండి మానేస్తారు." ఈ మాట వినని కేన్సర్ డాక్టరు తెలుగునాట ఉండరు. దీన్ని అజ్ఞానం అని కొట్టేయడం తేలికే కానీ అందులో లెక్క ఉంది. ఇంట్లో జబ్బు ఒక మనిషిది కాదు, ఖర్చు అందరిది, చాకిరీ ఆడవాళ్లది, నిర్ణయం డబ్బు పెట్టేవాడిదో ఇంగ్లీషు వచ్చినవాడిదో. పెద్దాయన్ని ఆ బరువు నుంచి తప్పించడం పిల్లల ధర్మం అనుకుంటారు.

మన నిబంధనలు కూడా ఈ తలుపు తెరిచే ఉంచాయి. 2002 నాటి వైద్య నీతి నిబంధనల ప్రకారం డాక్టరు జబ్బు తీవ్రతను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు. అయితే ఆ సంగతి పేషెంటుకు గానీ, బంధువులకు గానీ, బాధ్యత గల స్నేహితులకు గానీ తెలిసి ఉండేలా చూడాలని ఉంది. ఆ "గానీ" దగ్గరే పేషెంటు పక్కకి జరిగిపోతాడు. తర్వాత, పేషెంటు సమ్మతి గురించి 2008లో వచ్చిన సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ తీర్పు, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రం పేషెంటునే మధ్యలో నిలబెట్టాయి. హక్కుల పత్రమైతే ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాలని కూడా అంటుంది. వార్డులో మాత్రం పాత అలవాటే నడుస్తోంది.

ఇంతకీ దాచడం కుదురుతుందా? మందులకి జుట్టు రాలుతుంది, ఆస్పత్రి బోర్డు మీద కేన్సర్ అని రాసి ఉంటుంది, పక్క మంచం ఖాళీ అవుతుంది. గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు అమెరికన్ సామాజికవేత్తలు 1965లోనే ఇలాంటి వార్డులను గమనించి నాలుగు దశలు చెప్పారు: పేషెంటుకు అసలు తెలియకపోవడం, అనుమానం రావడం, ఇరువైపులా తెలిసీ తెలియనట్టు నటించడం, బయటపడి మాట్లాడుకోవడం. మన ఇళ్లలో ఎక్కువ కాలం గడిచేది మూడో దశలోనే. పెద్దాయన కొడుకు బాధపడతాడని నోరు విప్పడు, కొడుకు నాన్న కుంగిపోతాడని నోరు విప్పడు. ఈలోగా పొలం అమ్మాలా వద్దా, చిన్నమ్మాయి సంబంధం ఏం చేయాలి, ఎవరికి ఎంత బాకీ ఉంది అన్న, ఆయన మాత్రమే తేల్చగలిగిన సంగతులు అలాగే ఉండిపోతాయి.

చెబితే కుంగిపోతారన్న భయానికి ఆధారం ఎంత? అమెరికాలో 332 మంది ముదిరిన కేన్సర్ పేషెంట్ల మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చివరి రోజుల గురించి డాక్టరుతో మాట్లాడినవాళ్లలో డిప్రెషన్ ఎక్కువగా కనిపించలేదు, చివరి వారంలో వెంటిలేటర్, ఐసీయూ పాలవడం మాత్రం తక్కువగా ఉంది. అది మన ఇంటి వాతావరణం కాదు, అచ్చు గుద్దినట్టు ఇక్కడ వర్తిస్తుందనలేం. కానీ దాచడం వల్ల జరిగే నష్టం లెక్కలోకి తీసుకోకుండా చెప్పడం వల్ల జరిగే నష్టాన్నే తూచడం సరైన తూకం కాదు. 2012లో వచ్చిన ఇంకో పెద్ద సర్వేలో, శరీరమంతా పాకిన కేన్సర్‌కి కీమో తీసుకుంటున్న ఊపిరితిత్తుల పేషెంట్లలో 69 శాతం మందికి, పెద్దపేగు పేషెంట్లలో 81 శాతం మందికి ఆ మందు జబ్బును పూర్తిగా నయం చేయకపోవచ్చన్న సంగతి అర్థం కాలేదని తేలింది. నయమవుతుందనుకుని ఎకరం అమ్మేవాడికీ, ఇంకొన్ని నెలలు కలిసొస్తాయని తెలిసి అమ్మేవాడికీ తేడా ఉంది. రెండోవాడు అసలు అమ్మకపోనూవచ్చు.

పాలియేటివ్ కేర్‌లో, అంటే ముదిరిన జబ్బుల్లో నొప్పిని, బాధను తగ్గించే వైద్యంలో అనుభవం ఉన్నవాళ్లు అల్లుడితో గొడవ పెట్టుకోరు, అలాగని సరేనని తలూపరు. "మీకెందుకు భయమో అర్థమైంది. నా అంతట నేను వెళ్లి చెప్పను. ఆయనకి ఎంత తెలుసుకోవాలనుందో ముందు అడుగుతాను, వద్దంటే అక్కడే ఆపేస్తాను. నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను, మీరూ పక్కనే ఉండండి" అంటారు. చాలాసార్లు పెద్దాయన "అంతా మా అల్లుడికి చెప్పండి బాబూ" అంటాడు. అదీ ఒక జవాబే, కాకపోతే ఈసారి ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది.

కష్టం అంటే ఏ కష్టం

బరంపురం వార్డులో నర్సు వచ్చి "కొష్టొ హెఉచి కి, మౌసా?" అని అడుగుతుంది. ఒడియాలో దానర్థం నొప్పిగా ఉందా, ఇబ్బందిగా ఉందా అని. అదే కష్టం అనే మాట తెలుగు డాక్టరు నోట వస్తే, "కొంచెం కష్టమేనండీ" అంటే, బతకడం అనుమానమని. రెండు భాషలకీ సంస్కృతం నుంచి వచ్చిన ఒకే మాట, ఒక చోట బాధ గురించి ప్రశ్న, ఇంకో చోట ఆయుష్షు మీద తీర్పు. పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాళ్లకి రెండూ వచ్చు కాబట్టి పర్వాలేదు. లోపలి ఊళ్ల నుంచి వచ్చిన ముసలాయన మాత్రం నర్సు నోట వినపడ్డ ఆ మాటకి బెదిరిపోవచ్చు. "భొలొ హెయిజిబొ" అన్నది మాత్రం అందరికీ తెలుసు, బాగైపోతుందని. అది ధైర్యం కోసం అన్నదా, వైద్యం గురించి అన్నదా అన్నది ఎవరికీ తెలియదు.

తెలుగు రాష్ట్రంలోకి వచ్చాక భాష తేలికవుతుందని అనుకుంటారు గానీ అక్కడ ఇంకో తంటా. "మందుకి రెస్పాన్స్ బాగుంది" అంటే డాక్టరు ఉద్దేశం కణితి కొంత తగ్గిందని, ఇంటివాళ్లకి వినిపించేది నయమవుతోందని. "రిపోర్టు పాజిటివ్" అంటే మంచిదే కదా అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సవర అనే గిరిజన కుటుంబాలకైతే తెలుగే రెండో భాష, ఇంగ్లీషు కలిసిన తెలుగు మూడో దాని కింద లెక్క.

మధ్యలో తర్జుమా చేసేది ఇంటివాళ్లే, ఎక్కువగా ఒడియా మీడియంలో చదివిన మనవడో మనవరాలో. 15 ఏళ్ల పిల్ల తాతకి ఆయన చావు గురించి అనువదించాలి. డాక్టరు నాలుగు వాక్యాలు చెబితే ఆ పిల్ల ఒక్కటే చెబుతుంది, అదీ మంచిది ఏరి. ఇది ఇక్కడి బలహీనతే అనుకోనక్కర్లేదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాల 13 సంప్రదింపులను రికార్డు చేసి 2003లో విశ్లేషిస్తే ఒక్కోదాంట్లో సగటున 31 తర్జుమా తప్పులు దొరికాయి, వాటిలో 63 శాతం వైద్యం మీద ప్రభావం చూపగలిగేవే. అన్నిటికన్నా ఎక్కువ జరిగిన తప్పు, చెప్పాల్సింది వదిలేయడం.

"ఇంకెన్నాళ్లు?"

దీనికి జవాబు తెలిసి కూడా డాక్టర్లు దాస్తున్నారని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు వాళ్లకీ తెలియదు. షికాగోలో 343 మంది డాక్టర్లను 468 మంది మరణానికి దగ్గరైన పేషెంట్ల గురించి అంచనా అడిగి 2000లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సరిగ్గా చెప్పినవి 20 శాతమే, 63 శాతం అంచనాలు ఎక్కువ కాలం బతుకుతారని చెప్పినవే. పేషెంటుతో పరిచయం పెరిగేకొద్దీ అంచనా ఇంకా తప్పిందట. అభిమానం లెక్కను చెడగొడుతుంది మరి.

అందుకే "మూడు నెలలు" లాంటి ఒక్క అంకె చెప్పడం మంచిది కాదంటారు. అంకె చెబితే ఇంట్లో క్యాలెండర్ మీద గీతలు మొదలవుతాయి. "రోజుల్లో కాదు, ఏళ్లలోనూ కాదు, నెలల్లో ఉండొచ్చు. అంతా కలిసొస్తే వచ్చే సంక్రాంతి చూస్తారు, లేకపోతే ఈ కోతల లోపే కష్టం కావొచ్చు" అంటే రైతు కుటుంబానికి సరిగ్గా అందుతుంది.

కేన్సర్ కనీసం ఒక వాలు పట్టుకుని దిగుతుంది. కిడ్నీ, గుండె జబ్బులు అలా కాదు, పడతాయి, లేస్తాయి, మళ్లీ పడతాయి. గజపతి, గంజాం జిల్లాలకు ఆనుకునే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో సరిహద్దుకి ఇవతలా అందరికీ తెలుసు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ మంచం మీద గంటలు గంటలు పడుకునే మనిషితో మాట్లాడటానికి టైము లేదని ఎవరూ అనలేరు, అయినా అక్కడా ఈ మాట రాదు, ఎందుకంటే ఫలానా రోజు మాట్లాడాలి అనిపించే మలుపు ఏదీ కనిపించదు. దీనికి డాక్టర్లు వాడే ఒక చిన్న ఉపాయం ఉంది: "ఈ పేషెంటు ఏడాదిలోపు పోతే నాకు ఆశ్చర్యమనిపిస్తుందా?" అని తమను తాము అడుక్కోవడం. అనిపించదు అని జవాబొస్తే మాట మొదలుపెట్టే వేళైందని గుర్తు.

గైడ్లు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి

చెడ్డ కబురు చెప్పడానికి 2000లో స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి వచ్చింది: అనువైన చోటు చూసుకోవడం, ఆయనకి ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుందో అడగడం, చెప్పడం, ఆయన బాధకి చోటివ్వడం, తర్వాతేంటో కలిసి అనుకోవడం. ఆరింటిలో చెప్పడం నాలుగోది. మన దగ్గర దానితోనే మొదలై దానితోనే అయిపోతుంది, అదీ వరండాలో. బోస్టన్‌లోని ఏరియాడ్నే ల్యాబ్స్ అనే వైద్య పరిశోధన సంస్థ తయారుచేసిన గైడు ఇంకో అడుగు ముందుకెళ్లి, జబ్బు ముదిరితే మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏంటి, దేనికి ఎక్కువ భయం, ఇంకొంత కాలం కోసం ఎంతవరకు భరించగలరు అని అడగమంటుంది.

వీటిని అనువదించి చేతిలో పెడితే సరిపోదు. "మీ జబ్బు గురించి మీ అవగాహన ఏమిటి?" అని అడిగితే కాశీనగర్ రైతు పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుంటాడు. "బరంపురంలో ఏమన్నారు నాన్నా?" అంటే చెబుతాడు. "మీ విలువలు ఏమిటి?" కన్నా "ఇంటికెళ్తే ముందు ఏం చేయాలనుంది?" మేలు. "దేనికి భయం?" అని మగవాణ్ని అడిగితే ఏం లేదంటాడు, "రాత్రుళ్లు నిద్ర పట్టక ఏం గుర్తొస్తుంది?" అంటే ఏదో ఒకటి బయటికొస్తుంది. చెప్పిన తర్వాత కాసేపు ఊరుకోవాలి, ఆ నిమిషంలో చెప్పే స్కాన్ వివరాలు ఎలాగూ తలకెక్కవు. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి ఇలా మాట్లాడటం పాఠ్యాంశమైంది, ఆ బ్యాచ్‌లు ఇప్పుడిప్పుడే వార్డుల్లోకి వస్తున్నాయి.

అయితే మాట నేర్పితే చాలు అనుకోవడానికి లేదు. అమెరికాలో చేసి 1995లో ఫలితాలు ప్రచురించిన సపోర్ట్ అనే భారీ ప్రయోగంలో 5 ఆస్పత్రులు, 9,000 మందికి పైగా పేషెంట్లు. రెండో దశలో ప్రత్యేకంగా నర్సులను పెట్టి, కుటుంబాలతో మాట్లాడించి, పేషెంట్ల కోరికలను, ఆయుష్షు అంచనాలను డాక్టర్లకు అందించారు. ఏమీ మారలేదు. సమాచారం చేరింది గానీ నిర్ణయం తీసుకునే చోట ఎవరి అలవాటు వాళ్లదే. దీనికి భిన్నంగా, 2010లో వచ్చిన బోస్టన్ అధ్యయనంలో 151 మంది ఊపిరితిత్తుల కేన్సర్ పేషెంట్లలో కొందరికి జబ్బు తేలిన కొత్తలోనే కేన్సర్ డాక్టరుతో పాటు పాలియేటివ్ టీమును కూడా చూపించారు. మొదటి రోజు నుంచీ ఆ మాట ఒకరి పని, నెలనెలా కలిసి మాట్లాడేవారు. వాళ్ల జీవన నాణ్యత మెరుగైంది, నిరాశ తగ్గింది, చివర్లో గట్టి మందులు తక్కువ పడ్డాయి, అయినా మధ్యగత లెక్కన 11.6 నెలలు బతికారు, మిగతావాళ్లు 8.9 నెలలు.

ప్రాణం ఉండగానే ఇంటికి

ఈ మాట జరగకపోతే ఏమవుతుందో అంబులెన్సు డ్రైవర్లను అడిగితే తెలుస్తుంది. ఐసీయూలో ఉండగా ఒక రోజు "ఇంక లాభం లేదు, తీసుకెళ్లిపోండి" అంటారు. శవాన్ని రాష్ట్రం దాటించాలంటే బండి కిరాయి, కాగితాల తిప్పలు, పైగా సొంతింట్లో పోవాలన్న పట్టింపు. కాబట్టి ఊపిరి ఉండగానే ఆక్సిజన్ పెట్టి పరుగు. కేస్ షీట్లో మాత్రం వైద్యుల సలహాకి వ్యతిరేకంగా వెళ్లారని రాసి సంతకం తీసుకుంటారు. ఆ రాతతో బయటపడ్డ మనిషికి చాలాసార్లు నొప్పి మందు చీటీ కూడా దొరకదు. గట్టి నొప్పి మందైన మార్ఫిన్‌కి గుర్తింపు పొందిన సంస్థలు ఉండాలి, మత్తుమందుల చట్టానికి 2014లో చేసిన సవరణతో లైసెన్సుల గొడవ తగ్గినా అది ప్రతి మెడికల్ షాపులో దొరికే మందు కాదు. పాతపట్నం దాటి ఇంటికి చేరాక ఆఖరి రెండు రాత్రులు ఆ ఇల్లు ఎలా గడిపిందన్నది ఏ రికార్డులోనూ ఎక్కదు.

చట్టం కొంత దారి ఇచ్చింది. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలు వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును గుర్తించింది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల అది కాగితం మీదే ఉండిపోతే, 2023 జనవరి 24న సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు, కాపీ ఒకటి మునిసిపాలిటీనో పంచాయతీనో నియమించిన అధికారి దగ్గర ఉంటుంది. వైద్యం ఆపాలంటే ఆస్పత్రిలో ఒక బోర్డు, దానిపై ఇంకో బోర్డు ఒప్పుకోవాలి, ఒక్కోటి వీలైతే 48 గంటల్లో. ఇది దేశమంతటికీ వర్తిస్తుంది కాబట్టి పర్లాకిమిడిలో రాసింది విశాఖలోనూ చెల్లుతుంది. కాకపోతే జబ్బు పేరే చెప్పని మనిషి చేత ఈ కాగితం రాయించేది ఎవరు?

ఏం మారే వీలుంది

కేరళ పేరు ప్రతి చర్చలోనూ వస్తుంది. 2008లోనే పాలియేటివ్ విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపింది. అక్కడ ఊరంతా ఒకే భాష, నర్సూ ఆ పక్కూరిదే. సరిహద్దు జిల్లాల్లో అలాంటి మనిషి ఎవరంటే ఊళ్లో ఆరోగ్య కార్యకర్త, ఆశా దీదీ. రెండు భాషలు, కొన్నిచోట్ల సవర కూడా వచ్చు, ఇంట్లో ఎవరి మాట నడుస్తుందో తెలుసు. చెడ్డ కబురు ఆమె నెత్తిన వేయకూడదు, అది డాక్టరు పనే. కానీ చెప్పిన తర్వాత ఇంట్లో ఏమైందో, పెద్దాయన అడగలేక ఆగిపోయిన ప్రశ్న ఏంటో తిరిగి చేరవేయగలిగేది ఆమే. కొత్త పథకం అవసరం లేదు, ఆస్పత్రి నర్సు దగ్గర ఆమె ఫోన్ నంబరు ఉంటే మొదలవుతుంది.

దాని కన్నా చవకైంది డిశ్చార్జి సమ్మరీలో ఒక వరస. పేషెంటుకి ఏం తెలుసు, ఎవరు ఏ తేదీన ఏ భాషలో చెప్పారు, తనకేం కావాలన్నాడు. సపోర్ట్ ప్రయోగం గుర్తుంటే, రాసినంత మాత్రాన డాక్టరు అలవాటు మారుతుందని చెప్పలేం. కానీ "వెనకటి వాళ్లు చెప్పుంటారు" అనుకునే వీలు పోతుంది, ఆ వరస ఖాళీగా ఉంటే ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఏ లిపిలో రాయాలన్నది నిజమైన చిక్కే: ఆశా దీదీ చదివేది ఒడియా, అల్లుడు తెలుగు, పెద్దాయనకి రెండూ రాకపోవచ్చు. ముందుగా చదవాల్సింది తర్వాతి ఆస్పత్రి డాక్టరు కాబట్టి ఇంగ్లీషులో రాసినా ఇప్పటికి నష్టం లేదు, సంచిలో అన్నిటికన్నా పైన పెడితే చాలు.